చక్కెర గోడకు నీళ్లు పట్టిన మేస్త్రి

మా తాతయ్యకు కోపం వచ్చిందని మా ఇంట్లో ఎవరూ అనరు. వచ్చి పోయేదాన్నే కదా వచ్చింది అంటారు. ఆయన కోపం వచ్చి మూడేళ్లయింది, ఇంకా వెళ్లలేదు. పొద్దున ఆయనతోపాటే లేస్తుంది, ఆయనతోపాటే టీ తాగుతుంది, టీ బాగాలేదంటుంది. వంటగది గుమ్మం పక్కన మడత కుర్చీలో ఆయన కూర్చుంటే, ఆయన ఒళ్లో అది కూర్చుంటుంది.

అంతకుముందు నలభై ఏళ్లు ఆయన తాపీ మేస్త్రి. ఇటుకలు పేర్చడం చాలామందికి వచ్చు. గోడకు సిమెంటు పూసి అద్దంలా తేల్చడంలో మాత్రం ఎవరైనా ఆయన తర్వాతే. ఆయన లాగిన మూల మీద బద్ద ఆనించి చూస్తే, వంకరంటూ ఉంటే అది బద్దలోనే ఉండేది. అలాంటి మనిషి ఒక అపార్ట్‌మెంటు వెనక గోడకు, నాలుగో అంతస్తు ఎత్తున, పరంజా మీద నిలబడి పని చేస్తూ కింద పడ్డాడు. ఇసుక కుప్ప మీద పడ్డాడు కాబట్టి మనిషి మిగిలాడు. కుడి మోకాలు మిగల్లేదు.

కోపం పడినందుకు కాదు. పరంజా మీద నిలబడడానికి మూడు చెక్క పలకలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. ఆ రెండింట్లో ఒకటి పుచ్చిపోయింది. తాతయ్య ఆ సంగతి ముందురోజే బిల్డరుకు చెప్పాడు. "రేపు చూద్దాంలే" అన్న బిల్డరు, మర్నాడు తప్పు తన మీదికి రాకుండా, ఆస్పత్రి వరండాలో నిలబడి కనబడినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు.

"పొద్దున్నే తాగి ఎక్కాడండీ. నేనేం చెయ్యను?"

దగ్గు మందును కూడా వాసన చూసి "ఇదేదో తేడాగా ఉంది" అని పక్కన పెట్టే మనిషి మా తాతయ్య. కానీ ఆ మాట ఆయనకంటే ముందే ఆస్పత్రి నుంచి బయల్దేరి మా వీధికి వచ్చేసింది. పలకరించడానికి వచ్చినవాళ్లు మంచం మీదికి వంగి, ముక్కుతో ఒకసారి మెల్లగా గాలి పీల్చి, ఆ తర్వాతే "ఎలా ఉంది మేస్త్రీ?" అనేవాళ్లు. ఆ పీల్చడాన్ని ఆయన కనిపెట్టాడు. కర్ర సాయంతో నడక వచ్చాక కూడా వీధిలోకి వెళ్లలేదు. పనిమంతుడన్న పేరు పోయింది, పెద్దమనిషన్న పేరు పోయింది. ఆ పేరు తిరిగి వచ్చేదాకా గుమ్మం దిగనని ఆయన ఎవరితోనూ అనలేదు. దిగలేదు, అంతే.

మా అమ్మ ఆయనకు ఒక్కతే కూతురు. ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. మామూలు గుండ్రటి కేకులు కావు. ఒకటి హ్యాండ్‌బ్యాగులా ఉంటుంది, ఇంకొకటి బూటులా, మరొకటి కుట్టుమిషనులా. చక్కెర పొడిని జిగురుతో పిసికి చేసే తెల్లటి ముద్ద ఒకటుంది, ఫాండెంట్ అంటారు. దాన్ని కర్రతో పల్చగా పరిచి, దుప్పటిలా ఎత్తి కేకు మీద కప్పి, అరచేతులతో సర్దుతారు. ఆ ముద్దలోనే బొమ్మలూ, బొత్తాలూ, జిప్పులూ చేస్తారు. అమ్మ ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, అందులో ఎవరో చేస్తుంటే చూసి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి నేర్చుకుంది. మడత కుర్చీలోంచి తాతయ్య పర్యవేక్షణ.

"తినేదానికి బూటు ఆకారమేంటే? రేపు చెప్పుల్లో భోజనం పెడతావా?"

"అవును నాన్నా. మొదటి జత నీకే."

ఒకరోజు ఎవరో ఆవిడ ఫోన్ చేసి, తమ కొత్త అపార్ట్‌మెంటు ప్రారంభోత్సవానికి అచ్చం ఆ బిల్డింగులాంటి కేకే కావాలంది. నాలుగు వైపుల నుంచి ఫొటోలు పంపింది. మూడు వారాల టైముంది. అమ్మ సరేనని, ఫోన్ బల్ల మీద పెట్టుకుని కాగితం మీద కొలతలు గీసుకుంటోంది. తాతయ్య కళ్లజోడు సర్దుకుని వంగాడు.

"వెనకవైపుది చూపించు."

అమ్మ వేలితో జరిపి చూపించింది.

"ఇదే."

"ఏది నాన్నా?"

"నేను పడ్డ గోడ."

అమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ బిల్డింగు పని మధ్యలో ఆగి ఆగి ఇప్పటికి పూర్తయింది. ఫోన్ చేసింది బిల్డరు కోడలు. ఆవిడకు మేం ఎవరమో తెలియదు, అమ్మకు ఆవిడెవరో అప్పటిదాకా తెలియదు.

"ఇప్పుడే వద్దని చెప్పేస్తాను," అని అమ్మ ఫోన్ అందుకుంది.

"ఎందుకు వద్దనడం? చేస్తాం."

"నాన్నా..."

"నేనే చేస్తాను. గోడలు నావి. వెనకవైపు పరంజా కూడా కడతా. ఆ రోజు ఎట్లా ఉందో అట్లా. రెండు పలకలు, ఒకటి పుచ్చింది. తీసుకెళ్లి నలుగురి మధ్యా పెట్టి అడుగుతా, ఎవరు తాగారో చెప్పమని."

"వాళ్లు అడిగింది కేకు నాన్నా. ఫిర్యాదు కాదు."

"రెండూ కలిపే ఇద్దాం. తియ్యగా ఉంటుంది."

అమ్మ రెండు రోజులు వాదించింది. మూడో రోజు ఒక ముద్ద ఫాండెంట్ తెచ్చి ఆయన ముందు పడేసి, "ముందు చేతులు కడుక్కో. సబ్బుతో. మోచేతుల దాకా," అంది. అమ్మకు మాత్రం కోపం లేదా? ఉంది. ఆమెది పని చేసుకుంటూ పడే కోపం, అందుకే ఎవరికీ కనబడలేదు.

అలా డెబ్బై దగ్గర పడుతున్న మనిషి చక్కెర పని నేర్చుకోవడానికి కూర్చున్నాడు. నడుముకు తువ్వాలు బిగించాడు. ముద్దను ఒత్తి చూసి, వాసన చూసి, కొంచెం గిల్లి నాకి, "ఈ మాల్‌లో పట్టులేదు," అని తేల్చేశాడు. మాల్ అంటే గోడకు పూసే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద. ఆఖరి దాకా ఆయన ఫాండెంట్‌ను మాల్ అనే అన్నాడు.

మొదటి ఇబ్బంది ఆ చేతులే. నలభై ఏళ్లు సిమెంటు తిన్న అరచేతులు, ఎక్కడ పెడితే అక్కడ గరుకు. నున్నగా పరిచిన చక్కెర మీద ఆయన చెయ్యి వేస్తే గీతలూ పగుళ్లూ అన్నీ అచ్చు పడిపోయేవి. "జాతకం చూపించుకోవడానికి పనికొస్తుంది," అంది అమ్మ. రోజూ స్నానం ముందు చేతులకు నూనె రాసుకోమంది. ఆయన రాసుకున్నాడు, తిట్టుకుంటూనే.

రెండోది తొందర. ఫాండెంట్‌ను కప్పి ఉంచకుండా బయట పెడితే పైన పొరకట్టి, కప్పేటప్పుడు ముడతలు పడిపోతుంది. తాతయ్య పరిచినది తీసుకుని అటూ ఇటూ కొలిచేలోపే పొర కట్టేది. "సిమెంటుకున్న బుద్ధి దీనికి లేదే! అది కనీసం అరపూట ఆగుతుంది." కింద గాలి చిక్కుకుని బుడగ లేస్తే మాత్రం ఎవరూ చెప్పకుండానే సూది అడిగాడు. పక్క నుంచి గుచ్చి, వేలితో నెట్టేశాడు. గోడ మీద బుడగను ఎలా పట్టుకోవాలో ఆయనకు కొత్తగా చెప్పేదేముంది?

ఆ తర్వాత మూలలు. గుండ్రటి కేకు మీద ఎవరైనా కప్పుతారు, నలుచదరపు కేకు మూల దగ్గర చక్కెర చిరుగుతుంది, లేదా మొద్దుబారుతుంది. అమ్మకు రెండేళ్లు చేసినా మూల మొద్దుగానే వచ్చేది. తాతయ్య రెండు స్టీలు స్కేళ్లు తీసుకుని, ఒకదాన్ని పై నుంచీ, ఇంకోదాన్ని పక్క నుంచీ ఒకేసారి ఒత్తి, ఊపిరి బిగబట్టి లాగాడు. కత్తి అంచులా వచ్చింది. అమ్మ ఆ మూలను చాలాసేపు చూసింది. గుడ్డ తీసుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లను మళ్లీ తుడిచింది. మా ఇంట్లో మెచ్చుకోలు అంతకంటే ఎక్కువ ఉండదు.

పరంజా పని వారం ముందే మొదలుపెట్టాడు. ముద్దలో దాన్ని గట్టిపరిచే పొడి కలిపి, సన్నటి గుంజలు చుట్టి, పళ్లెంలో పేర్చి బీరువా మీద ఆరబెట్టాడు. అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది పుచ్చిన పలకకు. టూత్‌పిక్‌తో ఒక్కొక్క చిల్లు పొడిచి, కోకో పొడి అద్ది, ఊది, మళ్లీ పొడిచి కూర్చున్నాడు.

"చాల్లే నాన్నా, ఎవరు చూస్తారు అంత దగ్గరగా?"

"వాడు చూడాలి."

ఆదివారం మధ్యాహ్నం ప్రారంభోత్సవం. శుక్రవారం సాయంత్రానికి అయిదంతస్తుల బిల్డింగు నిలబడింది. లేత బూడిద రంగు గోడలు, బాల్కనీలు, అమ్మ చేసిన నీలం కిటికీలు. శనివారం పొద్దున్నే అమ్మ కింద పెట్టే అట్టపలకా, పెద్ద పెట్టే కొనడానికి బయటికి వెళ్లింది. వెళ్తూ గుమ్మంలోంచి మళ్లీ చెప్పింది, "దానికి తడి తగలనివ్వకు."

తగలకూడదన్నది నేర్చుకునేవాళ్లకు చెప్పే మాట అనుకున్నాడు తాతయ్య. మేస్త్రికి కాదు. పైగా ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసేసరికి వెనక గోడ పై మూల దగ్గర వెంట్రుకంత బీట. దాని పక్కన ఇంకొకటి. కొత్త గోడ మీద బీట పడిందంటే ఆయనకు నలభై ఏళ్లుగా తెలిసిన అర్థం ఒక్కటే: నీళ్లు చాలలేదు. సిమెంటు గోడకు పూత పూశాక రోజుల తరబడి నీళ్లు పట్టాలి. ఎంత తడిపితే అంత గట్టిపడుతుంది. తడపడానికి బద్ధకించిన కూలీలను ఆయన తిట్టిన తిట్లు ఆ ఊళ్లో సగం గోడలకు తెలుసు.

మెత్తటి గుడ్డ ఒకటి తీసుకుని తడిపి, పిండి, వెనక గోడకు చుట్టాడు. గ్లాసులో నీళ్లు తీసుకుని వేళ్లతో చిలకరించాడు. ఆరుతోందేమోనని గంటకోసారి లేచి మళ్లీ చిలకరించాడు. మోకాలు నొప్పి పెడుతున్నా నాలుగుసార్లు లేచాడు. మూడేళ్లలో ఆ పొద్దుటంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చెయ్యలేదు.

అమ్మ వచ్చి గుడ్డ తీసింది. గుడ్డతోపాటు గోడ వచ్చింది. మిగిలిన చక్కెర జిగటగా కిందికి జారి, బాల్కనీలను ఈడ్చుకుపోయి, కిటికీల నీలం రంగంతా మూడో అంతస్తు దాకా ఏడ్చినట్టు కారింది.

"నాన్నా, దీన్ని తడిపావా?"

"తడపకపోతే బీటలు ఎట్లా పోతాయి?"

"ఇది చక్కెర నాన్నా! చక్కెర!"

"నా మీద అరవకు. సరుకు నాసిరకంది తెచ్చావు. మంచి మాల్ అయితే నీళ్లకు గట్టిపడాలి గానీ కరుగుతుందా?"

అమ్మ చేతిలో పెట్టెను నేల మీద పెట్టింది. ఆమె గొంతు తగ్గింది. అది పెరిగినప్పటికంటే తగ్గినప్పుడే భయం.

"ముందే చెప్పాను నీకు. రెండుసార్లు చెప్పాను. వినలేదు. ఇప్పుడు పడిపోయాక తప్పు నీది కాదు, సరుకుది. ఇట్లా మాట్లాడే ఆయన ఇంకొకరు నాకు తెలుసు నాన్నా. మూడేళ్లుగా పొద్దున్నా సాయంత్రం నువ్వు ఆయన్ని తిడుతుంటే విన్నాను."

తాతయ్య చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు. బిల్డరు ఆస్పత్రి వరండాలో అన్న మాట కూడా ఆయనను ఇంతలా కొట్టలేదు. అది అబద్ధం కాబట్టి తిరిగి తిట్టగలిగాడు. దీన్ని ఏమని తిడతాడు? కూర్చున్నాడు. మడత కుర్చీ కిర్రుమంది. అమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

కాసేపటికి వెనక నుంచి గీకుతున్న చప్పుడు వినబడి చూసింది. ఆయన గరిటె అంచుతో కరిగిన గోడను మెల్లగా తీసేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"చెడిన పూత కొట్టేసి మళ్లీ వెయ్యాలి. అది ఎక్కడైనా అంతే." తల ఎత్తకుండానే అన్నాడు, "తప్పు నాదే. బీట పడితే దీనికేం చెయ్యాలో చెప్పు."

"వేలికి కొంచెం వనస్పతి రాసుకుని దాని మీద మెల్లగా రుద్దాలి. ఆ తర్వాత ముట్టుకోకూడదు. ఆరనివ్వాలి."

"ఊరికే వదిలెయ్యాలా?"

"ఊరికే వదిలెయ్యాలి."

"చూసి చూసి నాకు చేతకాని పనే చెప్పావు."

ఇద్దరూ పనిలో పడ్డారు. ఒకరు పరిచారు, ఒకరు కప్పారు. ఆయన మూలలు లాగాడు, ఆమె కిటికీలు కోసింది. ఒకచోట బీట పడితే ఆయన వేలితో రుద్ది, మళ్లీ దాని జోలికి పోకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం వెలుతురు పోకముందే గోడలు మళ్లీ నిలబడ్డాయి. అప్పుడు అమ్మ స్టూలు ఎక్కి, బీరువా మీది పళ్లెం దించింది.

"పరంజా ఎక్కడ కట్టాలో చూపించు," అంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ అపార్ట్‌మెంటు కింద, కార్లు పెట్టే చోట కుర్చీలు వేశారు. మధ్యలో తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద కేకు. జనం చుట్టూ మూగి, పైకి నిజం బిల్డింగునూ, కిందికి చక్కెర బిల్డింగునూ చూసి వేళ్లతో అంతస్తులు లెక్కపెడుతున్నారు. బిల్డరు కోడలు అమ్మ చెయ్యి పట్టుకుని "అచ్చు దిగిపోయిందండీ!" అంటోంది. తాతయ్య ఒక స్తంభం పక్కన కర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. ఏమనాలో మూడు వారాలుగా నోట్లో నూరుకుంటున్నాడు. బిల్డరు మొహం ఎలా మాడుతుందో, చెమట ఎక్కడెక్కడ పడుతుందో అన్నీ ముందే చూసి పెట్టుకున్నాడు.

బిల్డరు చేతిలో కత్తితో కేకు చుట్టూ తిరిగాడు. వెనకవైపుకు వచ్చాడు. వంగాడు.

"ఇదేంటి, పరంజా ఇంకా విప్పలేదా? వీళ్లూ నా కూలీలలాగే ఉన్నారే!" అని గట్టిగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

ఆయనకు గుర్తే లేదు. ఒక మనిషిని మూడేళ్లు కుర్చీకి కట్టేసిన సంగతి ఆ కట్టేసినవాడికి గుర్తే లేదు. నూరి పెట్టుకున్న మాటలన్నీ తాతయ్య నోట్లోనే ఆవిరైపోయాయి. కర్ర టకటకలాడించుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"మూడో పలక లేదు, చూడండి."

బిల్డరు తలెత్తాడు. "ఓ, మేస్త్రీ! నువ్వా? కాలెలా ఉంది? మందు ఇప్పుడైనా మానేశావా లేదా?" అంటూ బొటనవేలిని నోటి దగ్గర పెట్టి వంచి చూపించాడు.

మళ్లీ నవ్వులు. తాతయ్య కర్రను బల్లకు ఆనించి, రెండు చేతులతో అట్టపలక పట్టుకుని కేకును తన వైపు లాక్కున్నాడు.

"దీన్ని కొయ్యడానికి వీల్లేదు."

"అదేంటయ్యా?"

"తాగుబోతు చేసిన కేకు. పిల్లలు తింటారు. ఎందుకండీ మీకు?"

బిల్డరు కోడలు అమ్మ వైపు తిరిగింది. "ఈయన చేశారా?"

"కిటికీలు నావి," అంది అమ్మ. "గోడలూ మూలలూ అన్నీ మా నాన్నవి."

"ఈ మూల చూడమ్మా," అన్నాడు తాతయ్య. "స్కేలు తెప్పించి పెట్టి చూడు. తాగిన చెయ్యి ఇట్లా లాగుతుందా? అసలు గోడ ఈ బిల్డింగు వెనకవైపే ఉంది. నాలుగో అంతస్తులో సగం దాకా నేను లాగిన మూల ఉంటుంది. వెళ్లి అది కూడా చూడు. అక్కడి దాకా లాగాకే పడ్డాను. ఈ పలక మీంచి."

ఆవిడ పుచ్చిన పలక మీదికి వంగింది. చిల్లులన్నీ చూసింది. జనంలో నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడవన్నీ ఎందుకు మేస్త్రీ," అన్నాడు బిల్డరు. "అప్పుడేదో నోరు జారి అన్నాను."

"జారింది నోరు కాదు. నేను."

ఎవరో పిల్ల "కేకు కొయ్యరా?" అంది. వాళ్లమ్మ ఊరుకోమని సైగ చేసింది. బిల్డరు కోడలు నిటారుగా నిలబడి, మామగారి మొహంలోకి చూసింది.

"మామయ్యగారూ, ఆయన ఆ రోజు తాగారా, లేదా?"

బిల్డరు చుట్టూ చూశాడు. కత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"లేదు."

"నాకు వినబడలేదు," అన్నాడు తాతయ్య.

"తాగలేదయ్యా! పలక పుచ్చింది. నువ్వు చెప్పావు, నేను మార్చలేదు. చాలా?"

"చాలదు," అన్నాడు తాతయ్య. కేకు మీంచి చేతులు తీశాడు. "కొయ్యండి."

ముక్క తినమని ఆవిడ ఎంత బతిమాలినా ఆగలేదు. ఆటోలో దారిపొడవునా డ్రైవరును తిట్టాడు, గుంతలను తిట్టాడు, తలుపు సరిగ్గా వెయ్యలేదని అమ్మను తిట్టాడు.

"ఆయన చేత తాగలేదని అనిపించావు కదా నాన్నా. ఇంకా ఎందుకు?"

"వాడొక్కడే అన్నాడా? వీధి వీధంతా మూడేళ్లు నన్ను వాసన చూసింది."

వీధి మొదట్లోనే ఆటో ఆపించాడు. మొదటి ఇల్లు టైలరుది. కర్రతో తలుపు కొట్టాడు. టైలరు మెళ్లో టేపుతో వచ్చి, ఆయన్ని వీధిలో చూసి బిత్తరపోయాడు.

"నేను తాగలేదు. బిల్డరే చెప్పాడు, నలుగురిలో. నువ్వెట్లా నమ్మావు? నీకు బుద్ధుందా?"

"లోపలికి రండి మేస్త్రీ, కూర్చోండి..."

"కూర్చోను. ఇంకా పద్నాలుగిళ్లున్నాయి."

మొదటి రెండిళ్ల దగ్గర అమ్మ వెనకాలే నిలబడి "ఏమీ అనుకోకండి" అని చెప్పింది. మూడో ఇంటి దగ్గర ఆ మాట మానేసింది. నాలుగో ఇంటి నుంచి తలుపులు తనే కొట్టింది, అదీ ఆయనకంటే గట్టిగా. అలా ఇద్దరూ వీధి పొడవునా ఒక్క గడపనూ వదలకుండా తిడుతూ వెళ్లారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. తలలు వంచుకుని విన్నారు. ఒకావిడ అయితే తిట్లు తింటూనే మంచినీళ్లు తెచ్చిచ్చింది, ఆయన తాగి మిగిలినవి తిట్టాడు.

చివరి ఇల్లు పెయింటరుది. నలభై ఏళ్లు తాతయ్య తేల్చిన గోడలకు రంగు వేసింది ఆయనే. పనిలో పక్కపక్కనే ఉండేవాళ్లు, ఒకే డబ్బాలో తినేవాళ్లు. పడిన తర్వాత ఆయన ఒక్కసారి కూడా రాలేదు. తాతయ్య కర్ర ఎత్తేలోపే తలుపు తెరుచుకుంది. తిట్లు వీధి పొడవునా ముందే వినబడ్డాయిగా.

"నేను నమ్మలేదు," అన్నాడు పెయింటరు.

"మరి మూడేళ్లు ఎందుకు రాలేదు?"

"వస్తే తిడతావని."

తాతయ్య ఆయన్ని పై నుంచి కింది దాకా చూశాడు. కర్రను గోడకు ఆనించాడు. లోపలికి వెళ్లి, కుర్చీ లాక్కుని, నొప్పి కాలు చాపుకుని స్థిరంగా కూర్చున్నాడు.

"కూర్చో," అన్నాడు. "ముందు మొదటి ఏడాదివి విను."